రెడ్ జోన్‌లో సీమంతం

శనివారం పొద్దున ఆరింటికి హేమావతి లేచి, ముఖం కడుక్కుని, కాఫీ కలుపుకుని, ఆ రోజు దేనికి భయపడాలో ఆలోచించుకుంది. మరునాడు కోడలు సింధుకు సీమంతం. కాబట్టి భయాలకు కొదవ లేదు. మిద్దె మీద వేసే షామియానా గాలికి లేచిపోవచ్చు. కృష్ణగిరి నుంచి వచ్చే వియ్యాలవారి కారుకు హైవే మీద లారీ అడ్డం రావచ్చు. రాగిముద్ద గొంతులో పడి ఏ ముసలాయనో ఉక్కిరిబిక్కిరి కావచ్చు. ఏడో తరగతితో బడి మానేసిన హేమావతి మిగతా చదువంతా టీవీ వార్తల్లో పూర్తి చేసింది. ఆ చదువులో ఎక్కడా మంచి జరిగిన పాఠం రాలేదు.

వీటన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఏడో నెలలో సీమంతం కాగానే ఆడపిల్లను పుట్టింటికి తీసుకుపోవడం వాళ్ళ ఆనవాయితీ. సింధును చూసే డాక్టరమ్మ హోసూరులో ఉంది. సింధు ఉద్యోగం హోసూరులో ఉంది. సింధు మొగుడు లోహిత్ హోసూరుకు ఆనుకునే ఉన్న ఈ మత్తిగిరిలో ఉన్నాడు. తొమ్మిదో నెల పడేదాకా ఇక్కడే ఉంటానని సింధు పట్టుబట్టింది. హేమావతి కూడా వియ్యపురాలు భువనను నెల రోజులు ఫోనులో బతిమాలింది. చివరికి భువన ఒప్పుకుంది గాని ఒక షరతు తగిలించింది.

"సరే వదినా, ఉండనీ. కానీ ఆడ రోంత ఇబ్బంది అని నా చెవిన పడిందా, ఆ దినమే కారు తెచ్చి పిల్లను తీసుకుపోతా. మళ్ళా నన్ను అనొద్దు."

ఆనాటి నుంచి హేమావతి ఇంట్లో ఇబ్బంది అన్న మాటనే నిషేధించింది. కుళాయిలో నీళ్ళు రాకపోతే "కుళాయి రెస్టు తీసుకుంటా ఉండాది" అనేది. కరెంటు పోతే "కండ్లకు చల్లగా ఉండాది" అనేది.

అలాంటి ఇంట్లోకి లోహిత్ డ్రోన్ తెచ్చాడు. టిఫిను తినే బల్ల మీద అది వెల్లకిలా పడ్డ పీతలాగా నాలుగు కాళ్ళు చాపుకుని ఉంది. రేపు మిద్దె మీద జరిగే సీమంతాన్ని దానితో పైనుంచి వీడియో తీస్తాడట.

"దాని రెక్క తెగి పడితే?" అంది హేమావతి.

"పడదమ్మా."

"కడుపుతో ఉండే పిల్ల నెత్తిన పడితే?"

"పిల్ల నెత్తిన ఎగరేస్తానా? పక్కన ఎగరేస్తా."

"పక్కనేదో నా నెత్తి ఉంటాది. సరే, నాది పోతే పోనీ. పోలీసులు వస్తే? మొన్న టీవీలో చూపించినారు. యాడనో ఒగ పిల్లోడు ఇట్లే ఎగరేస్తే స్టేషన్‌లో కూర్చోబెట్టినారంట. వాళ్ళమ్మ బయట ఏడస్తా ఉండాది. ఆ యమ్మ మొగమే నా కండ్ల ముందర ఉండాది."

సింధు దోసె తుంచుతూ, "అత్తా, ఆ యమ్మ ఏడ్చింది కొడుకు కోసమా, డ్రోన్ కోసమా?" అంది.

"నువ్వు గమ్మునుండు తల్లీ. కడుపులో బిడ్డ వింటా ఉంటాది. రేయ్ లోహితూ, గవర్నమెంటోళ్ళను అడగందే ఆ పురుగును లేపేదానికి లేదు. అడిగి, చూసుకుని, అప్పుడు ఎగరెయ్."

ముందు అడగమని చెప్పే తల్లి ఉన్న డ్రోన్ మనిషి ఆ చుట్టుపక్కల లోహిత్ ఒక్కడే. ఎక్కడ ఎగరేయవచ్చో, ఎక్కడ కూడదో చూపించే ప్రభుత్వ మ్యాపు ఒకటి ఉంది. ఆకుపచ్చ రంగు ఉన్న చోట ఎగరేసుకోవచ్చు. పసుపు ఉన్న చోట అనుమతి అడగాలి. ఎరుపు ఉన్న చోట ఢిల్లీ సరే అననిదే గాలిపటం మీద కూడా అనుమానపడాలి. లోహిత్ ఫోను తీసి, వేళ్ళతో మత్తిగిరిని పెద్దది చేసి చూశాడు. విమానాలు దిగే చోటు దగ్గర్లోనే ఉంది కాబట్టి ఊరు, వీధి, వాళ్ళ మిద్దె, మిద్దె మీద నీళ్ళ ట్యాంకు, అన్నీ ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, చూడమన్నావు, మంచిదయింది. మనది రెడ్ జోన్. ఈడ ఏదీ ఎగరకూడదు. ఎగిరితే కేసు."

అని, డ్రోన్ కాళ్ళు మడిచి పెట్టెలో పెట్టి, పెట్టెను బీరువా మీదికి ఎక్కించి, ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయాడు. వెంటనే సింధు కూడా ఆఫీసుకు పోయింది. కథ ఇక్కడితో ముగియాలి. చట్టం ఏమిటో తెలుసుకోవడం, దాన్ని పాటించడం, రెండూ పది నిమిషాల్లో ముగిసిన ఇల్లు ఈ దేశంలో మరొకటి ఉంటే చూపించండి.

కానీ హేమావతికి ఒక భయం ఖాళీ చేసిన చోటు ఊరికే పడి ఉండటం నచ్చదు. రేపు ఎగరేయడం లేదు, సరే. కానీ మనం ఉండేది ఎర్రరంగులోనా? ఇన్నేళ్ళూ ఎర్రరంగులోనే బట్టలు ఆరేసుకున్నామా? మనసు ఆగక పెరట్లోకి పోయి, గోడ అవతల ఉన్న నాగక్కను పిలిచింది. నాగక్క ఆరు పెట్టలను, ఒక పుంజును పెంచుతుంది. ఎవరేం చెప్పినా అందులో తన కోళ్ళకు సంబంధించిన భాగమే వింటుంది.

"నాగక్కా, విన్నావా? మన వీధంతా రెడ్ జోన్ అంట."

నూకలు చల్లుతున్న నాగక్క చెయ్యి ఆగిపోయింది. "ఏందే హేమా! మళ్ళానా? కరోనా కాలంలో గడకర్రలు కట్టి, తగరపు రేకులు కొట్టి, పాలోడ్ని కూడా రానీలేదే, ఆ రెడ్ జోనా?"

"అది కాదక్కా, ఇది వేరే. గవర్నమెంటు మ్యాపులోనే ఏసినారు. లోహిత్ చూపించినాడు, అంతా ఎర్రగా ఉండాది. ఈడ ఏదీ ఎగరకూడదంట."

"ఎగరకూడదా?"

"ఎగిరితే కేసంట."

నాగక్క తన పుంజు వైపు చూసింది. అది అప్పుడే గోడ మీదికి ఎగిరి, రెక్కలు టపటపలాడించి, మెడ చాచి, పట్టపగలు అందరూ చూస్తుండగా నేరం చేస్తోంది.

"మరి మీరేం చేసినారు?"

"ఇంగేం చేస్తాం, పట్టి పెట్టెలో పెట్టేసినాం."

రేపటి విందుకు హేమావతి ఇంటికి నాటుకోడి వచ్చి ఉంటుందనుకుంది నాగక్క. "రెక్కలు కట్టినారా?"

"కట్టేదేముంది, మడిచినాడు. మడిస్తే మడుచుకుంటాయి కదా."

"గాలి ఆడతాదా దానికి?"

హేమావతికి కొత్త భయం దొరికింది. నిజమే, అది బ్యాటరీ వస్తువు. గాలి ఆడకపోతే పేలుతుందేమో! లోపలికి పరిగెత్తి, స్టూలు ఎక్కి, పెట్టె మూత కొంచెం తెరిచి పెట్టి వచ్చింది. ఈలోగా నాగక్క ఏడు కోళ్ళనూ గంపల కింద మూసి, గంపల మీద రాళ్ళు పెట్టి, పాల బూతుకు బయలుదేరింది.

పాల బూతు దగ్గర లెక్క త్వరగా తేలిపోయింది. పక్కనే పశువుల ఫారం ఉన్న ఊరు కాబట్టి అక్కడ చిన్నపిల్లలకు కూడా టీకాల గురించి తెలుసు. ఎగరకూడదన్నారు. ఇంట్లో ఉండి ఎగిరేది కోడి. కోడిని కదలొద్దన్నారంటే కోడికి రోగం. గవర్నమెంటు మ్యాపు వేసిందంటే రోగం బాగా ముదిరింది. క్యూలో నిలబడ్డ తొమ్మిది మందిలో ఇద్దరు డిగ్రీ చదివినవాళ్ళు. ఈ లెక్కలో తప్పు వాళ్ళకూ కనబడలేదు.

పదిన్నరకు వీధి వాట్సాప్ గ్రూపులో "మన వీధి కోళ్ళకు రోగం, రెడ్ జోన్" అని వచ్చింది. పదకొండుకు కోళ్ళతో పాటు కాకులు చేరాయి. పదకొండున్నరకు "గవర్నమెంటు మ్యాపు ప్రకారం చుట్టూ అయిదు కిలోమీటర్లు" అయింది. పన్నెండుకు ఎవరో చచ్చిన పిట్ట ఫోటో పెట్టారు. పిట్ట వెనక సముద్రం కనిపిస్తోంది. హోసూరుకు సముద్రం ఎప్పుడు వచ్చిందని ఎవరూ అడగలేదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న హేమావతి భర్త పద్మనాభం, నిద్ర మధ్యలో లేచి, ఫోను చూసి, ఆ ఫోటోను నాలుగు గ్రూపులకు పంపించి, మళ్ళీ అటు తిరిగి పడుకున్నాడు. నాలుగో గ్రూపు పేరు "కృష్ణగిరి వియ్యాలవారు".

హేమావతి కూడా ఆ మెసేజులు చూసింది. పొద్దున తన నోట్లోంచి చిన్నగా బయలుదేరిన మాట మధ్యాహ్నానికి ఇంత పెద్దదై ఇంటికి తిరిగొస్తే గుర్తుపట్టలేకపోయింది. పైగా అంతా అర్థమైనట్టు అనిపించింది. "అదీ సంగతి! రోగం గాల్లోనే ఉండాది. అందుకే డ్రోన్ కూడా లేపొద్దన్నారు!" అని తలుపులు మూసి, కిటికీలు మూసి, వంటింటి గోడకున్న పొగ పోయే బొక్కలో పాత టవలు కుక్కింది.

అప్పుడే భువన ఫోను వచ్చింది.

"ఏంది వదినా ఇది? మీ వీధి రెడ్ జోనంట?"

అంతా ఉత్త పుకారు వదినా, అంటే పోయేది. హేమావతి నోరు తెరిచింది కూడా. కానీ కడుపుతో ఉన్న పిల్ల విషయంలో అబద్ధమాడితే ఏం తగులుతుందో ఏమో! "పుకారే వదినా... అంటే, మ్యాపులో ఉండేది మాత్రం నిజమే. గవర్నమెంటు మ్యాపు. లోహిత్ పొద్దున్నే చూసినాడు."

"పొద్దున్నే తెలుసునా మీకు? తెలిసీ నాకు చెప్పకుండా ఉండారా?"

"చెప్పేదానికి ఏముంది వదినా, ఈడ ఇబ్బంది ఏమీ..."

ఇన్నాళ్ళూ నిషేధంలో ఉన్న మాట అది. భువన దాన్ని గాల్లోనే అందుకుంది. "చాలు వదినా. రేపు పొద్దున వస్తా ఉండాం. రెండు గాజులు తొడిగించి, పిల్లను కార్లో ఎక్కించుకుని పోతాం. బట్టలు సర్ది పెట్టండి."

సాయంత్రం సింధు, లోహిత్ ఇల్లు చేరేసరికి హేమావతి ముక్కుకు కొంగు కట్టుకుని, చీకటి ఇంట్లో కూర్చుని ఉంది. సింధు లైటు వేసి, మంచినీళ్ళిచ్చి, "అత్తా, పొద్దున నాగక్కతో ఏం మాట్లాడినావో మాట మాట చెప్పు" అంది. హేమావతి చెప్పుకుంటూ వచ్చింది. "రెడ్ జోన్ అంట అన్నా. ఏదీ ఎగరకూడదంట అన్నా. పట్టి పెట్టెలో..." అక్కడ ఆగి, కొంగు మెల్లగా కిందికి దించింది.

"నేనేనా?" అంది.

"నువ్వే అత్తా."

లోహిత్ గ్రూపులో వివరంగా రాశాడు. అది డ్రోన్‌ల మ్యాపు అని, కోళ్ళకు సంబంధం లేదని, మత్తిగిరిలో ఏ రోగమూ లేదని. వెంటనే జవాబు వచ్చింది: "అయితే మ్యాపు ఉన్న మాట నిజమేనన్నమాట." దానికి ముప్ఫై రెండు మంది బొటనవేలు ఎత్తారు. సింధు వాళ్ళమ్మకు ఫోను చేసి మొత్తం చెప్పింది. భువన అంతా విని, "నువ్వు భయపడొద్దమ్మా. పక్కన వాళ్ళుండారని ఇట్ల మాట్లాడతా ఉండావు, నాకు తెలుసు" అని పెట్టేసింది.

ఆదివారం పొద్దున తొమ్మిదికి భువన, భర్త శశికుమార్ దిగారు. భువన పట్టుచీర కట్టి, మూతికి మాస్కు కట్టి, రెండు రకాల సందర్భాలకూ సిద్ధపడి వచ్చింది. పండ్ల తట్టలు శశికుమార్ చేతిలో ఉన్నాయి. భువన చేతిలో ఖాళీ సూట్‌కేసులు ఉన్నాయి. పిలిచిన ఎనభై మందిలో పదకొండు మంది వచ్చారు. వాళ్ళ దగ్గర స్మార్ట్ ఫోన్లు లేవు.

"సింధూ, నీ బట్టలు యాడ?" అంది భువన మెట్లెక్కకుండానే.

"నన్ను అడిగేటోళ్ళు ఎవరన్నా ఉండారా ఈడ?" అంది సింధు.

"అడగతా ఉండాను గదా, బట్టలు యాడ అని!"

ఇంతలో చికెన్ అంగడి గుర్రప్ప స్కూటరు మీద పెద్ద బేసిన్ పెట్టుకుని వచ్చాడు. గాజులు తొడిగినాక మధ్యాహ్నం విందుకు పదిహేను కేజీలు చెప్పి ఉన్నారు. బేసిన్ దించి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇదోమ్మా, ఈ దినం నా అంగట్లో అమ్ముడుపోయింది ఇదొగటే. ఆదివారమమ్మా! ఆదివారం పూట నా అంగడి ముందర కుక్కలు కూడా లేవు. ఎవురమ్మా ఈ మాట పుట్టించింది? ఆ మహాతల్లి ఎవురో నాకు చూపించండి చాలు."

హేమావతి ఆకాశం వైపు చూసి, "ఎవురో ఏమో గుర్రప్పా. కాలమే బాగలేదు" అంది. గోడ పక్కన నిలబడ్డ నాగక్క కూడా అదే ఆకాశం వైపు చూసింది.

మిద్దె మీద గాజులు తొడగడం మొదలైంది. సింధు రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులు మోచేతి దాకా వచ్చాయి. ఒక ముసలావిడ పాట అందుకుంది. సరిగ్గా అప్పుడు వీధి చివర జీపు ఆగింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు తిమ్మరాజు దిగాడు. ఆయన వెనక ఇద్దరు మనుషులు తాడు చుట్ట పట్టుకుని దిగారు. ఎవరో పంపిన చచ్చిన పిట్ట ఆయన పై అధికారి ఫోనుకు చేరింది. పన్నెండు గంటలకల్లా ఏం చేశారో రాసి పంపమని హుకుం వచ్చింది. అందుకని తిమ్మరాజు ముందు తాడు కట్టించాడు. అడిగేవి తర్వాత అడగవచ్చు. వీధికి ఈ చివర ఒక తాడు, ఆ చివర ఒక తాడు, మధ్యమధ్య ఎర్ర గుడ్డ పీలికలు.

భువన మెట్లు దిగి పరుగున పోయింది. "సార్, సార్! మేము కృష్ణగిరివాళ్ళం. ఇప్పుడే పోతా ఉండాం."

"తాడు కట్టేసినామమ్మా. మూడు దినాలు మీరు కూడా మత్తిగిరివాళ్ళే" అన్నాడు తిమ్మరాజు.

తర్వాత జీపు వెనక వచ్చిన వ్యానులోంచి ఇద్దరు కాంట్రాక్టు మనుషులు ఒక డ్రోన్ దించారు. అది లోహిత్ డ్రోన్ లాంటిది కాదు. నులకమంచమంత ఉంది. కింద మందు డబ్బా వేలాడుతోంది. నాలుగు పక్కలా గొట్టాలు ఉన్నాయి. మిద్దె మీద నుంచి అది చూసిన లోహిత్‌కు ఒళ్ళు మండిపోయింది. మూడేసి మెట్లు దూకుతూ కిందికి వచ్చాడు.

"సార్! ఆపండి! ఈడ డ్రోన్ ఎగరేసేదానికి లేదు. ఇది రెడ్ జోన్!"

తిమ్మరాజు జాలిగా చూశాడు. "రెడ్ జోన్ కాబట్టే గదా తమ్ముడూ, ఎగరేస్తా ఉండేది!"

అది భీకరంగా గీపెట్టి లేచింది. ఆ శబ్దం చెవిన పడగానే హేమావతి, ఏం జరుగుతోందో చూడను కూడా చూడకుండా, సింధును భుజాలు పట్టి మెట్లగదిలోకి తోసి తలుపు వేసేసింది. ఇరవై ఏళ్ళ అభ్యాసం వృథా పోలేదు. మిగతా అందరూ తలెత్తి నోరు తెరుచుకుని చూశారు. వేపనూనె కలిపిన తెల్లటి మందు జల్లుగా కురిసింది. షామియానా మీద, పండ్ల తట్టల మీద, పాట అందుకున్న ముసలావిడ మీద, అప్పుడే గాబరాగా మళ్ళీ మిద్దెక్కిన భువన పట్టుచీర మీద. డ్రోన్ నడిపే మనిషి కింద నుంచి "అందరూ పైకి చూడండి, రిపోర్టుకు ఫోటో" అని అరిచాడు.

వాన వెలిసినాక లోహిత్ తిమ్మరాజును మిద్దె మీద ఒక మూలకు తీసుకుపోయి, మ్యాపు చూపించి, మొదటి నుంచి చెప్పాడు. తన అమ్మ పేరు మాత్రం చెప్పలేదు. తిమ్మరాజు ఫోనును దగ్గరగా పట్టుకుని చూశాడు, దూరంగా పట్టుకుని చూశాడు, చివరికి తడిసిన కుర్చీలో అలాగే కూలబడ్డాడు.

"అయితే రోగం లేదా?"

"లేదు సార్."

"కోళ్ళు?"

లోహిత్ పైనుంచి కేకేస్తే నాగక్క కింద పెరట్లో ఒక గంప ఎత్తింది. నిన్నటి నుంచి దాచుకున్న కోపంతో పుంజు బయటికి దూకి, తిమ్మరాజు మనిషి కాలు పొడిచి, గోడెక్కింది. అంత ఆరోగ్యంగా ఉన్న కోడిని తిమ్మరాజు తన సర్వీసులో చూసి ఉండడు.

"అయితే తాడు విప్పండి సార్" అన్నాడు లోహిత్.

"ఎట్ల విప్పేది తమ్ముడూ? విప్పితే, ఎందుకు విప్పినావంటారు. రోగం లేదు కాబట్టి అంటే, మరి ఎందుకు కట్టినావంటారు. కట్టిన తాడుకు నా దగ్గర జవాబు ఉండాది. విప్పిన తాడుకు లేదు." అని గొంతు తగ్గించాడు. "అది పోనీ. నువ్వు చూపించిన మ్యాపు ప్రకారం నేను డ్రోన్ ఎగరేసింది తప్పు. రోగం ఉండాదంటే అది అవసరం కొద్దీ చేసిన పని. రోగం లేదంటే నేరం. రోగం ఉండాలప్పా, మూడు దినాలన్నా ఉండాల! శాంపిల్ పంపిస్తా. లేదని రిజల్టు వస్తాది. అప్పుడు రోగాన్ని నేను ఆపినట్టు అయితాది."

"దానికి మేమేం చెయ్యాల?"

"ఇంటోళ్ళు ఒకరు సంతకం పెట్టాల. రోగం ఉండాదని కాదు, ఉండాదేమో అని అనుమానంగా ఉండాదని. అంతే. సంతకం లేకపోతే మాత్రం తాడు ఇప్పుడే విప్పాల్సిందే, నా ఖర్మ."

"నేను పెట్టను. అది అబద్ధం" అన్నాడు లోహిత్. వాడిది మొదటి నుంచీ చట్టం తెలిసిన మనిషి వరస.

హేమావతి మిద్దె అంచు నుంచి కిందికి చూసింది. భువన చీర పిండుకుంటూ, శశికుమార్‌ను తిడుతూ, సూట్‌కేసులు కారు డిక్కీలో ఎక్కించేస్తోంది. "ఈ తాడు ఎప్పుడు విప్పితే అప్పుడు బండి తియ్యి! ఒక్క నిమిషం ఉండేదానికి లేదు ఈడ!" అన్న గొంతు పైదాకా వినబడింది. మెట్లగది తలుపు సందులోంచి సింధు అత్త ముఖంలోకే చూస్తోంది. పొట్ట మీద గాజుల చేతులు పెట్టుకుని చూస్తోంది.

హేమావతి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అనుమానమే కదా సార్?"

"అనుమానమేనమ్మా."

"అయితే ఇట్ల ఇయ్యండి. అది అబద్ధమెట్ల అవుతాది? నాకు ఎప్పుడూ ఉండేదే."

ఇన్నేళ్ళుగా ఆవిడ అనుమానాలను చూసి మొగుడు నవ్వాడు, కొడుకు విసుక్కున్నాడు, వీధి వెక్కిరించింది. మొట్టమొదటిసారి గవర్నమెంటు వచ్చి, పెన్ను మూత తీసి ఇచ్చి, ఉన్న అనుమానం ఉన్నట్టు రాసిమ్మంది. హేమావతి ఒక్కో అక్షరం గుండ్రంగా, తలకట్టుతో సహా పెట్టి సంతకం చేసింది. "అమ్మా!" అన్నాడు లోహిత్. "నువ్వు గమ్మునుండు. పెద్ద సార్ ముందర మాట్లాడొద్దు" అంది.

తాడు లోపల చిక్కినవాళ్ళు, చిక్కించినవాళ్ళు, అందరూ కలిసి మధ్యాహ్నం రాగిముద్ద, కోడిపులుసు తిన్నారు. రోగం లేదని ఖాయంగా తెలిసిన మొదటి గవర్నమెంటు మనిషి కాబట్టి తిమ్మరాజు మొదటి బంతిలోనే కూర్చుని, రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. గుర్రప్ప స్వయంగా వడ్డించాడు. మూడు రోజులు అంగడి తెరవకూడదని అప్పటికి ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

బుధవారం పొద్దున రిజల్టు వచ్చింది. రోగం లేదు. సకాలంలో తీసుకున్న చర్యల వల్ల అని తిమ్మరాజు దాని కింద రాసుకున్నాడు. తాడు విప్పారు. హేమావతి వాకిట్లో నిలబడి, వియ్యపురాలి ముఖం చూసింది. ఈ మూడు రోజుల్లో భువన మాస్కు తీసేసింది. వంటింట్లో డబ్బాల వరుస మార్చేసింది. గాలి బాగా వస్తుందని హేమావతి మంచం తనది చేసుకుంది. నాగక్కతో కలిసి సాయంత్రాలు గోడ దగ్గర నిలబడి మాట్లాడింది.

"వదినా" అంది భువన. "నాకు తెలియక అన్నాను. ఈడ ఏం ఇబ్బంది ఉండాది? మా కృష్ణగిరిలో ఎండ మాడ్చి పెడతా ఉంటే ఈడ చల్లగా ఉండాది. డాక్టరమ్మ పక్కనే. పిల్ల ఈడనే ఉండనీ. కాన్పు కూడా ఈడనే కానీ."

హేమావతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయపడ్డది జరగకపోవడం ఆవిడ జీవితంలో అదే మొదలు. ఎలా నిలబడాలో కూడా తెలియలేదు. "చల్లని మాట చెప్పినావు వదినా" అని చేతులు పట్టుకుంది.

"నేనూ ఈడనే ఉంటా. మా ఆయన్ను కూడా ఉండమన్నా" అంది భువన, కారు డిక్కీ తెరిచి సూట్‌కేసులు దించుతూ.

సింధు కృష్ణగిరికి పోలేదు. కృష్ణగిరే వచ్చి మత్తిగిరిలో కాపురం పెట్టింది.